ఫొటోల ఆల్బమ్‌కి సొంత చిరునామా

2014 సెప్టెంబరు 30న ఆర్కుట్ మూతపడింది. అంతకుముందు పదేళ్లలో మన కాలేజీ కుర్రకారు స్నేహాలు ఎన్నో అక్కడే నడిచాయి. హాస్టల్ ఫొటోలు, విహారయాత్రల ఫొటోలు, అక్కచెల్లెళ్ల పెళ్లి ఫొటోలు అక్కడే పోగుపడ్డాయి. ఆల్బమ్‌లు దింపుకోవడానికి గూగుల్ 2016 సెప్టెంబరు దాకా గడువిచ్చింది. ఆ గడువు సంగతి తెలియనివాళ్లకి, తెలిసినా రేపు చూద్దామని ఊరుకున్నవాళ్లకి ఆ ఫొటోలు మళ్లీ దక్కలేదు. అంతకుముందే, 2009 అక్టోబరులో, యాహూ తన జియోసిటీస్‌ను ఎత్తేసింది. తొలితరం వాడుకరులు చేత్తో కట్టుకున్న లక్షలాది సొంత పేజీలు దాంతోపాటే పోయాయి. 2016లో పికాసా వెబ్ ఆల్బమ్‌ల వంతు వచ్చింది. 2013 నాటికి ఉన్న వెబ్ పేజీల్లో 38 శాతం పదేళ్ల తర్వాత దొరకడం లేదని ప్యూ రిసెర్చ్ సెంటర్ 2024లో లెక్క తేల్చింది.

ఉచితంగా చోటిచ్చే కంపెనీ తనకు గిట్టుబాటు అయినన్నాళ్లే చోటిస్తుంది. తలుపు ఎప్పుడు మూయాలో దాని ఇష్టం. మన ఫొటోలు మన పేరుతో, మన చేతిలో ఉన్న చిరునామాలో ఉండాలంటే సొంత సైటు కట్టుకోవాలి. ఈ మాట అనగానే అది ప్రోగ్రామర్ల పని అనీ, నెలనెలా వేలు పోయాలనీ చాలామంది వెనకడుగు వేస్తారు. స్టాటిక్ సైటు విషయంలో ఈ రెండు భయాలూ అక్కర్లేదు. కంప్యూటరులో ఫోల్డర్లు సర్దుకోగలిగిన అలవాటు, కాస్త ఓపిక ఉంటే చాలు. దీని వెనక ఉన్న సూత్రం కూడా ఒక్కటే. చూసేవాళ్లు వచ్చాక చేయాల్సిన పనిని వాళ్లు రాకముందే ఒక్కసారి చేసి పెట్టుకోవడం. పేజీ కూర్చడం దగ్గర్నుంచి ఫొటో కుదించడం, ప్రపంచానికి పంచడం దాకా అడుగడుగునా ఈ సూత్రమే పనిచేస్తుంది.

ముందే సిద్ధమైన పేజీ

వర్డ్‌ప్రెస్ లాంటివాటితో కట్టిన సైటులో పేజీ అంటూ ముందుగా ఏదీ తయారై ఉండదు. ఎవరైనా చిరునామా కొట్టగానే సర్వరులో ఒక ప్రోగ్రాము లేస్తుంది. డేటాబేసు నుంచి రాతనీ, ఫొటోల జాబితానీ తెచ్చుకుంటుంది. వాటికి పైన తలకట్టు, కింద అడుగుపట్టీ తగిలించి అప్పటికప్పుడు పేజీ కూర్చి పంపుతుంది. ప్రత్యేకంగా ఏర్పాటేదీ చేసుకోకపోతే, వెయ్యిమంది వచ్చినప్పుడు వెయ్యిసార్లూ ఇదే తతంగం. స్టాటిక్ సైటులో పేజీలన్నీ పూర్తయిన ఫైళ్లుగా ఉంటాయి. అడిగిన ఫైలు తీసి ఇవ్వడం తప్ప సర్వరుకు వేరే పని లేదు. మొదటిది ఆర్డరు చెప్పాక పెనం మీద పోసే దోశ, రెండోది మిఠాయి కొట్టు అద్దాల వెనక పేర్చి ఉంచిన కాజా.

దీనివల్ల ఒరిగేది మొదట వేగం. సర్వరు ఆలోచించదు కాబట్టి జవాబు వెంటనే వస్తుంది. రెండోది భద్రత. డేటాబేసు లేదు, అడ్మిన్ లాగిన్ పేజీ లేదు, పాతబడిపోయే ప్లగిన్లు లేవు. వర్డ్‌ప్రెస్ సైట్లను వేధించే దాడుల్లో ఎక్కువభాగం వీటిమీదే జరుగుతాయి గనుక ఆ బెడద ఇక్కడ చాలావరకు తప్పుతుంది. చివరిది ఖర్చు. ఫైళ్లు అందించడం సర్వరుకు ఇంత తేలిక కాబట్టే, చిన్న సైట్లకు పైసా తీసుకోకుండా చోటిచ్చే సంస్థలు చాలా ఉన్నాయి.

నిజానికి వెబ్ పుట్టిందే ఈ రూపంలో. జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధనశాలలో టిమ్ బెర్నర్స్-లీ రాసి, 1991లో బయటి ప్రపంచానికి చూపించిన తొలి సైటు కొన్ని హెచ్‌టీఎంఎల్ ఫైళ్ల మూట. దాని ప్రతిని సెర్న్ 2013లో పాత చిరునామాలోనే తిరిగి నిలబెట్టింది. ఇవాళ్టి ఫోనులోనూ అది చక్కగా తెరుచుకుంటుంది. ముప్పై ఏళ్ల కిందటి సాఫ్ట్‌వేరు ఇప్పుడు నడపమంటే తలప్రాణం తోకకొస్తుంది. అదే వయసున్న హెచ్‌టీఎంఎల్ పేజీకి మాత్రం ఏ మరమ్మతూ అక్కర్లేదు. పదికాలాల పాటు నిలవాలనుకునే ఆల్బమ్‌కి ఇంతకంటే మంచి పునాది లేదు.

ఫోల్డరు నుంచి సైటు దాకా

లేపాక్షి వెళ్లి వీరభద్రాలయం, వేలాడే స్తంభం, మండపం కప్పు మీది విజయనగర కాలపు చిత్రాలు, ఏకశిలా నంది అన్నీ కలిపి 120 ఫొటోలు తీశారనుకుందాం. వాటికి ఒక గ్యాలరీ కావాలి. ముందు చిన్న ఫొటోల వరసలు, ఒకదాన్ని తాకితే పెద్ద ఫొటో, కింద రెండు ముక్కల వ్యాఖ్య. ఇంతే కోరిక.

ఇందుకు కావలసినవి మూడు రకాల ఫైళ్లు. పేజీలో ఏముందో చెప్పే హెచ్‌టీఎంఎల్, అది ఎలా కనిపించాలో చెప్పే సీఎస్ఎస్, ఆ పైన ఫొటోలు. 10 ఫొటోలైతే హెచ్‌టీఎంఎల్ చేత్తోనే రాయవచ్చు. 120 ఫొటోలకి ఒకే తరహా వాక్యం 120 సార్లు రాయడం మనిషి చేయాల్సిన పని కాదు. ఇక్కడే స్టాటిక్ సైట్ జనరేటర్లు అక్కరకొస్తాయి. టామ్ ప్రెస్టన్-వెర్నర్ 2008లో తయారుచేసిన జెకిల్, స్టీవ్ ఫ్రాన్సియా 2013లో మొదలుపెట్టిన హ్యూగో వీటిలో పేరున్నవి. పేజీ అచ్చు ఒక్కసారి తయారుచేసి, ఫొటోల పేర్లూ వ్యాఖ్యలూ ఒక జాబితాలో రాసి ఇస్తే చాలు. మిగతా పేజీలన్నీ అవే అల్లేస్తాయి. వ్యాసాలు రాయాలంటే జాన్ గ్రూబర్ 2004లో రూపొందించిన మార్క్‌డౌన్ పద్ధతిలో మామూలు రాతలాగే రాసుకోవచ్చు. ఫొటోల గ్యాలరీకి హ్యూగో ప్రత్యేకంగా అనువైనది. ఫొటోలను కావలసిన కొలతలకు కుదించే పనిని కూడా సైటు అల్లేటప్పుడు అదే చేస్తుంది, ఒకసారి కుదించినదాన్ని దాచుకుని మళ్లీ వాడుకుంటుంది.

జాబితా విషయంలో శ్రద్ధ పెట్టాలి. ఫైలు పేరు, తీసిన చోటు, తేదీ, వ్యాఖ్య అని నాలుగు గళ్లున్న చిన్న పట్టిక మొదటిరోజే రాసుకుంటే, పదేళ్ల తర్వాత జనరేటరు మార్చినా, పేజీ రూపం మార్చినా ఆ పట్టిక అలాగే పనికొస్తుంది. ఫొటోలు తీసి ఏడాది తిరిగాక, ఏ శిల్పం ఏ మండపంలోదో గుర్తుచేసుకోవడం కంటే ఇది ఎంతో సులువు.

నాలుగు మెగాబైట్లలో ఏముంది?

గ్యాలరీ సైటులో బరువంతా ఫొటోలదే. రెండున్నర వేల తెలుగు మాటల వ్యాసం 60 కిలోబైట్ల చుట్టుపక్కల తూగుతుంది. ఫోనుతో తీసిన ఒక్క ఫొటో మూడు నుంచి ఐదు మెగాబైట్లు ఉంటుంది, అంటే అలాంటి వ్యాసాలు అరవై డెబ్భై దాకా అన్నమాట. అందుకే ఫొటో ఫైలు లోపల ఏం జరుగుతుందో తెలుసుకోకుండా మంచి గ్యాలరీ కట్టలేం.

12 మెగాపిక్సెళ్ల కెమెరా ఫొటోలో అడ్డంగా 4,000, నిలువుగా 3,000 చుక్కలు, మొత్తం కోటీ 20 లక్షల చుక్కలు. ఒక్కో చుక్కకి ఎరుపు, ఆకుపచ్చ, నీలం పాళ్లు చెప్పడానికి మూడు బైట్లు. అలా లెక్కేస్తే ఫొటో బరువు 36 మెగాబైట్లు కావాలి. కానీ ఫైలు చూస్తే నాలుగే. మిగతా 32 ఎటు పోయాయి? ఆ మాయ జేపెగ్‌ది. 1992లో ప్రమాణంగా వెలువడిన ఈ పద్ధతి మన కంటి బలహీనతల మీద ఆధారపడి పనిచేస్తుంది.

మొదటి బలహీనత రంగు విషయంలో. వెలుగునీడల్లోని చిన్న తేడాని కన్ను ఇట్టే పసిగడుతుంది, రంగులోని చిన్న తేడాని అంతగా పట్టించుకోదు. అందుకని జేపెగ్ ముందుగా ఎరుపు, ఆకుపచ్చ, నీలం లెక్కని మార్చేసి, వెలుగు ఒక పొరగా, రంగు వివరాలు రెండు పొరలుగా విడదీస్తుంది. వెలుగు పొరను పూర్తిగా ఉంచుతుంది. రంగు పొరల్లో సాధారణంగా నాలుగేసి చుక్కలకి ఒకే విలువ ఉంచుతుంది. ఒక పూర్తి పొర, రెండు పావు పొరలు కలిపితే ఒకటిన్నర. మొదట మూడు పొరలుండేవి కాబట్టి, ఇంకా అసలు పని మొదలుకాకముందే బరువు సగానికి పడింది. చూసే మనిషికి తేడా దాదాపు తెలియదు.

తర్వాతి మెట్టు ఈ పద్ధతికి గుండెకాయ. బొమ్మని 8×8 చుక్కల చిన్న గళ్లుగా విభజించి, ఒక్కో గడిలోని 64 విలువలనీ 64 రకాల అలల మొత్తంగా తిరిగి రాస్తారు. మొదటి సంఖ్య గడి సగటు వెలుగు. తర్వాతివి నెమ్మదైన మార్పులు. చివరివి చుక్కచుక్కకీ మారే సన్నని నగిషీ. ఈ గణితం పేరు డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫార్మ్. బెంగళూరులో పుట్టి అమెరికాలో ప్రొఫెసరైన నాసిర్ అహ్మద్ మనసులో మెదిలిన ఆలోచన ఇది. 1972లో దీనిమీద పరిశోధనకి అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌ను డబ్బు అడిగితే ఇవ్వలేదు. అయినా ఆయన ఆపలేదు. తన విద్యార్థి టి. నటరాజన్, గిండీ ఇంజినీరింగ్ కాలేజీలో చదివి టెక్సస్‌లో పాఠాలు చెబుతున్న మిత్రుడు కామిశెట్టి రామమోహన్ రావులతో కలిసి పనిచేసి 1974 జనవరిలో ఫలితాన్ని ప్రచురించారు. ఇవాళ మనం ఫోనులో చూసే జేపెగ్ ఫొటోలన్నీ ఆ ముగ్గురి లెక్క మీద నడుస్తున్నవే.

అలలుగా రాసినంత మాత్రాన బరువు తగ్గదు. 64 సంఖ్యలు 64గానే ఉంటాయి. తగ్గేది ఆ తర్వాత. సన్నని అలల్లోని హెచ్చుతగ్గులను కన్ను పట్టుకోలేదు కాబట్టి వాటి సంఖ్యలను పెద్ద విలువలతో భాగించి, పూర్ణాంకాలకు సవరిస్తారు. చాలావరకు సున్నాలైపోతాయి. వరుస సున్నాలను విడివిడిగా రాయకుండా ఇన్ని సున్నాలని ఒక్కమాటలో చెప్పేయవచ్చు. ఫొటో సేవ్ చేసేటప్పుడు 75, 80, 90 అని నాణ్యత ఎంచుకోమంటారే, అది ఈ భాజకాలు ఎంత పెద్దవిగా ఉండాలో చెప్పే సంఖ్య. శాతం కాదు. 80 దగ్గర ఉంచితే వెబ్ ఫొటోకి సాధారణంగా సరిపోతుంది.

ఇది తెలిస్తే గ్యాలరీలో ఎదురయ్యే కొన్ని చిక్కులు వాటంతటవే విడిపోతాయి. ఆకాశం ఎక్కువున్న ఫొటో తేలిగ్గా ఉండి, లేపాక్షి నంది మీది గరుకు రాయి దగ్గరగా తీసిన ఫొటో రెట్టింపు బరువు తూగడానికి కారణం, రాతిలో సన్నని అలలు నిండుగా ఉండటమే. ఒకే ఫొటోని తెరిచి, కత్తిరించి, మళ్లీ మళ్లీ జేపెగ్‌గా సేవ్ చేస్తే ప్రతిసారీ కొంత వివరం పోతుంది. పోయినది తిరిగి రాదు. అందుకే కుదింపు ఎప్పుడూ కెమెరాలోని అసలు ఫొటో నుంచే మొదలవ్వాలి. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా వచ్చినది అప్పటికే ఒకసారి నలిగిన ప్రతి. శాసనాల మీది అక్షరాల్లాగా పదునైన గీతలున్నచోట నాణ్యత మరీ తగ్గిస్తే గీతల పక్కన మసకమసకగా మరకలు తేలతాయి. స్క్రీన్‌షాట్లకూ, గీసిన పటాలకూ జేపెగ్ బదులు పీఎన్‌జీ వాడమనడం ఇందుకే.

జేపెగ్ తర్వాత వచ్చినవీ ఉన్నాయి. గూగుల్ 2010లో ప్రకటించిన వెబ్‌పీ ఫొటోలు దాదాపు అదే నాణ్యతకు జేపెగ్ కంటే 25 నుంచి 34 శాతం తక్కువ తూగుతాయని ఆ సంస్థే లెక్క చెప్పింది. ఇప్పుడు అన్ని ప్రధాన బ్రౌజర్లూ దాన్ని చూపిస్తాయి. ఆ తర్వాత వచ్చిన ఏవిఫ్ ఇంకా తేలిక, కాకపోతే తయారీకి ఎక్కువ సమయం తీసుకుంటుంది. ఐఫోన్లు 2017 నుంచి వాడుతున్న హైక్ ఫైళ్లను మాత్రం చాలా బ్రౌజర్లు చూపించవు. వాటిని ముందు మార్చుకోవాల్సిందే.

ఒక ఫొటో, మూడు కొలతలు

ఇప్పుడు లేపాక్షి లెక్కకి వద్దాం. 120 అసలు ఫొటోలు, ఒక్కోటి 4 మెగాబైట్లు. అలాగే పేజీలో పెట్టేస్తే 480 మెగాబైట్లు. సెకనుకి 10 మెగాబిట్లు వచ్చే కనెక్షన్ మీద ఆ పేజీ పూర్తిగా దిగడానికి ఆరు నిమిషాలకు పైనే పడుతుంది. చూసేవాళ్లు ఆరు సెకన్లు ఆగితే గొప్ప. అదీగాక, వరసల్లో అరచేతి వెడల్పు లేని చిన్న ఫొటో చూపించడానికి కోటీ 20 లక్షల చుక్కలు పంపడం శుద్ధ దండగ.

అందుకే ప్రతి ఫొటోకీ మూడు ప్రతులు అనుకోవాలి. 400 చుక్కల వెడల్పున్న చిన్నది వరసలకి. 1,600 చుక్కలది తాకినప్పుడు తెరుచుకోవడానికి. అసలుది ఇంట్లో హార్డ్ డిస్క్‌లో, సైటుకి దూరంగా. 400×300 ప్రతిలో ఉండేది లక్షా 20 వేల చుక్కలే, అసలు ఫొటోలో నూరోవంతు. దాని బరువు సుమారు 25 కిలోబైట్లు, 1,600 చుక్కలదాని బరువు సుమారు 300 కిలోబైట్లు అనుకుంటే, 120 ఫొటోల గ్యాలరీ మొత్తం 40 మెగాబైట్ల లోపు సర్దుకుంటుంది. 480 ఎక్కడ, 40 ఎక్కడ! ఈ కుదింపు హ్యూగోతోనో, ఇమేజ్‌మ్యాజిక్ అనే ఉచిత సాఫ్ట్‌వేరుతోనో ఒక్క ఆదేశంతో ఫోల్డరు మొత్తానికీ చేయవచ్చు.

ఏ తెరకి ఏ ప్రతి పంపాలో మనం ఊహించనక్కర్లేదు. ఫలానా వెడల్పుల్లో ప్రతులున్నాయని హెచ్‌టీఎంఎల్‌లో జాబితా ఇస్తే, తన తెర సాంద్రతను బట్టి బ్రౌజరే ఎంచుకుంటుంది. తెర మీదకి రాని ఫొటోలను అప్పుడే దింపవద్దని చెప్పే సదుపాయం కూడా 2019 నుంచి బ్రౌజర్లలోనే ఉంది. దాన్ని కింది వరసలకి వాడాలి. పేజీ తెరవగానే కనిపించే మొదటి వరసకి పెడితే అదే ఆలస్యానికి కారణమవుతుంది. ప్రతి ఫొటోకీ పొడవు వెడల్పులు ముందే రాసి ఉంచడం ఇంకో మంచి అలవాటు. రాయకపోతే ఫొటోలు ఒక్కోటీ దిగుతున్నకొద్దీ పేజీ కిందికి పైకి గెంతుతూ, ఒకటి తాకబోతే ఇంకొకటి తెరుచుకుంటుంది. వరసల అమరికకి సీఎస్ఎస్ గ్రిడ్ చాలు. గడి కనీస వెడల్పు ఇంత అని చెబితే ఫోనులో రెండు నిలువు వరసలు, కంప్యూటరులో ఆరు వాటంతటవే ఏర్పడతాయి.

ఫొటో వెంట వచ్చే రహస్యాలు

కెమెరా ఫొటోతోపాటు ఒక చీటీ కూడా రాసిపెడుతుంది. దాన్ని ఎగ్జిఫ్ అంటారు. జపాన్ ఎలక్ట్రానిక్స్ పరిశ్రమ 1995లో రూపొందించిన ఈ ప్రమాణంలో తేదీ, సమయం, కెమెరా మోడల్, లెన్స్ వివరాలు ఉంటాయి. ఫోనులో లొకేషన్ అనుమతి ఇచ్చి ఉంటే అక్షాంశ రేఖాంశాలూ చేరతాయి, కొద్ది మీటర్ల తేడాతో. లేపాక్షి గుడి ఎక్కడుందో లోకానికంతటికీ తెలుసు. కానీ అదే గ్యాలరీలో పిల్లల పుట్టినరోజు ఫొటో పెడితే మీ ఇల్లు ఎక్కడుందో కూడా చెప్పినట్టే. 2012 డిసెంబరులో పోలీసుల కళ్లుగప్పి తిరుగుతున్న సాఫ్ట్‌వేరు వ్యాపారి జాన్ మెకాఫీ ఫొటోని వైస్ పత్రిక వెబ్‌లో ప్రచురించింది. ఆయన గ్వాటెమాలాలో ఉన్నాడని అందులోని ఎగ్జిఫ్ సమాచారమే బయటపెట్టింది.

పెద్ద సోషల్ మీడియా సంస్థలు సాధారణంగా ఈ చీటీని చూసేవాళ్లకి అందకుండా తొలగిస్తాయి. సొంత సైటులో ఆ బాధ్యత మనది. ఫిల్ హార్వే రాసిన ఎగ్జిఫ్‌టూల్ ఈ పనికి పేరుపొందింది. తొలగించే ముందు రెండు జాగ్రత్తలు అవసరం. ఫోను నిలువుగా పట్టి తీసిన ఫొటోని ఎటు తిప్పి చూపాలో ఆ చీటీలోనే రాసి ఉంటుంది. కాబట్టి ముందు ఫొటోని నిజంగా తిప్పి, తర్వాత చీటీ తీసేయాలి. లేకపోతే ధ్వజస్తంభం అడ్డంగా పడుకుంటుంది. రెండోది రంగు సంగతి. కొత్త ఫోన్లు విశాలమైన రంగుల పరిధిలో ఫొటో తీసి, ఆ రంగులను ఎలా చదవాలో ఒక ప్రొఫైల్‌లో రాస్తాయి. దాన్నీ తుడిచేస్తే రంగులు వెలిసినట్టు కనిపిస్తాయి. ముందుగా వెబ్ ప్రమాణమైన ఎస్ఆర్‌జీబీకి మార్చుకుంటే ఆ ఇబ్బంది ఉండదు.

తెలుగు రాతకి కావలసినవి

ఫొటో కింద వ్యాఖ్య తెలుగులో రాస్తాం కదా. యూనికోడ్‌లో తెలుగుకి 128 స్థానాలున్న గది ఉంది, వెబ్ వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో అందులోని ఒక్కో సంకేతానికి మూడు బైట్లు. ఫైలు యూటీఎఫ్-8లో ఉందని పేజీ మొదట్లోనే ప్రకటించాలి. లేకపోతే కొన్ని చోట్ల అక్షరాలు పిచ్చిగీతలవుతాయి. పేజీ భాష తెలుగు అని కూడా రాయాలి. చూపులేనివారికి పేజీ చదివి వినిపించే సాఫ్ట్‌వేరు దాన్ని చూసే తెలుగు గొంతు ఎంచుకుంటుంది. ప్రతి ఫొటోకీ అందులో ఏముందో చెప్పే వాక్యం ఒకటి హెచ్‌టీఎంఎల్‌లో జోడిస్తే వాళ్లూ గ్యాలరీ చూడగలుగుతారు. ఆ వాక్యం "ఫొటో 47" అని ఉంటే ఏం లాభం? "నేలకి ఆనీ ఆనకుండా నిలిచిన రాతి స్తంభం, కింద నుంచి గుడ్డ దూరుస్తున్న యాత్రికుడు" అని ఉండాలి.

ఖతులకి కొదవ లేదు. పెద్దన, తిమ్మన, ధూర్జటి, సూరన్న, తెనాలి రామకృష్ణ పేర్లతో అష్టదిగ్గజాలను తలపించే ఖతులు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా, స్వేచ్ఛా లైసెన్సుతో దొరుకుతున్నాయి. ఒత్తులూ గుణింతాలూ కిందికి పైకి చేరే లిపి కాబట్టి వరసల మధ్య ఎడం ఇంగ్లీషు కంటే ఎక్కువ ఇవ్వాలి. అక్షరం ఎత్తుకి 1.7 రెట్ల దాకా ఉంటే కంటికి హాయి. ఫైళ్ల పేర్లు మాత్రం ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో, ఖాళీల బదులు అడ్డగీతలతో పెట్టుకోవడం మేలు. తెలుగు పేరు పెడితే చిరునామాలో ఒక్కో సంకేతమూ తొమ్మిది గుర్తుల గొలుసుగా మారి, ఎవరికైనా పంపేటప్పుడు చాంతాడంత అవుతుంది.

ఎక్కించడం

సైటు మన కంప్యూటరులో సిద్ధమైంది. దాన్ని జనం చూసేచోటికి చేర్చడమే డిప్లాయ్‌మెంట్. గిట్‌హబ్ పేజెస్, క్లౌడ్‌ఫ్లేర్ పేజెస్, నెట్లిఫై ఈ సేవని చిన్న సైట్లకు ఉచితంగా ఇస్తున్నాయి. మార్పుల చరిత్రను దాచిపెట్టే సాఫ్ట్‌వేరు, లైనస్ టోర్వాల్డ్స్ 2005లో రాసిన గిట్ సాయంతో ఫోల్డరులోని మార్పులు అక్కడికి పంపితే, అవతల సైటు దానంతటదే అల్లుకుని నిమిషాల్లో ప్రపంచానికి కనిపిస్తుంది. గిట్‌హబ్ పేజెస్‌లో సైటు 1 గిగాబైటు మించకూడదు, నెలకి 100 గిగాబైట్ల రాకపోకల దగ్గర మెత్తని హద్దు ఉంది. ముందు వేసుకున్న 40 మెగాబైట్ల లెక్కకి ఇది ధారాళం.

గిట్‌కి ఒక స్వభావం ఉంది, అది ఏదీ మరిచిపోదు. ఇవాళ ఎక్కించిన ఫొటోని రేపు తీసేసినా చరిత్రలో ఉండిపోతుంది. అందుకే అసలు ఫొటోలను, ఎగ్జిఫ్ తుడవని ఫొటోలను మొదట్నుంచీ ఆ ఫోల్డరులోకి రానివ్వకూడదు. ఇంకో చిక్కు కొత్తవాళ్లందరికీ ఎదురవుతుంది. ఇంట్లో అన్ని ఫొటోలూ కనిపిస్తాయి, ఎక్కించాక కొన్ని మాయమవుతాయి. విండోస్‌కి ఫైలు పేరులో పెద్ద అక్షరమైనా చిన్న అక్షరమైనా ఒకటే. సర్వర్లలో ఎక్కువగా ఉండే లినక్స్‌కి అవి వేర్వేరు పేర్లు. కెమెరా ఫైలు చివర్న ఉండే పెద్ద అక్షరాల జేపీజీని మన పేజీలో చిన్న అక్షరాల్లో రాస్తే ఆ ఫొటో దొరకదు. అన్ని పేర్లూ ముందే చిన్న అక్షరాల్లోకి మార్చేస్తే గొడవే ఉండదు.

ఈ సేవలు మన ఫైళ్లను ఒకే చోట ఉంచవు. కాంతి గాజు తీగలో సెకనుకి సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. హైదరాబాదు నుంచి అమెరికా తూర్పు తీరం దాదాపు 13,000 కిలోమీటర్లు. ఒక ప్రశ్న వెళ్లి జవాబు రావడానికి తీగ నేరుగా ఉన్నా 130 మిల్లీసెకన్లు కావాలి, అసలు దారి అంతకంటే పొడవు. పేజీ తెరవడానికి ఇలాంటి రాకపోకలు కొన్ని జరుగుతాయి. కాబట్టి సీడీఎన్ అనే ఏర్పాటులో ప్రతులను ముంబై, చెన్నై, సింగపూర్, లండన్, డాలస్ లాంటి నగరాల్లో ఉంచుతారు. అనంతపురంలో అత్తయ్య, డాలస్‌లో అన్నయ్య ఒకే పేజీని తమకి దగ్గరున్న ప్రతి నుంచి చూస్తారు. పేజీలు ముందే తయారై ఉండటం వల్లే ఈ నకళ్లు ఇంత సులువు.

ఇక మిగిలింది పేరు. ఉచిత సేవ ఇచ్చే చిరునామాలో ఆ కంపెనీ పేరు కలిసి ఉంటుంది. కంపెనీ మారితే చిరునామా పోతుంది. సొంత డొమైన్ కొనుక్కుంటే, సర్వీసు మార్చినా పేరు మనతోనే వస్తుంది. పేరుని సర్వరుకు కలిపే పట్టిక, అంటే డీఎన్ఎస్‌లో రెండు వరసలు మార్చితే సరి. డాట్ ఇన్ చిరునామాలను మన దేశంలో నిక్సీ సంస్థ పర్యవేక్షిస్తుంది, రిజిస్ట్రార్ల దగ్గర కొనుక్కోవాలి. మొదటి ఏడాది ధర చూసి మురిసిపోకుండా రెన్యువల్ ధర ఎంతో అడిగి కొనాలి. సైటుకి సురక్షిత కనెక్షన్ తెచ్చిపెట్టే సర్టిఫికెట్ ఒకప్పుడు డబ్బు పెట్టి కొనాల్సి వచ్చేది. 2015లో లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సేవ ప్రజల్లోకి వచ్చాక అది ఉచితమైంది. పైన చెప్పిన సేవలు సర్టిఫికెట్ పనంతా వాటంతటవే చూసుకుంటాయి.

ఇది చేయలేనివి

స్టాటిక్ సైటుకి హద్దులున్నాయి. సర్వరు ఆలోచించదు కాబట్టి చూసేది ఎవరో దానికి తెలియదు. బంధువులకి మాత్రమే కనిపించాల్సిన ఫొటోలకి ఇది తగిన చోటు కాదు. చిరునామా ఎవరికీ చెప్పలేదన్నంత మాత్రాన అది రహస్యం కాదు. వ్యాఖ్యలు రాయించుకోవాలన్నా, ఉత్తరాలు తీసుకోవాలన్నా బయటి సేవ జోడించుకోవాలి. కనిపించిన ఫొటోని ఎవరైనా దింపుకోగలరు, మౌస్ కుడి బొత్తాం పనిచేయకుండా చేసినంత మాత్రాన అది ఆగదు. ఫొటో మీద హక్కు మాత్రం తీసినవారిదే. మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం తీసినవారు బతికినన్నాళ్లూ, వాళ్లు చనిపోయిన తర్వాతి ఏడాది మొదలు 60 ఏళ్లూ అది నిలుస్తుంది. ఇతరులు వాడుకోవడం ఇష్టమైతే ఏ షరతుల మీదో చెప్పే క్రియేటివ్ కామన్స్ లైసెన్సు వాక్యం ఒకటి పేజీ అడుగున పెట్టవచ్చు.

సైటు ఉందిగా అని అసలు ఫొటోల సంగతి మరవకూడదు. అందులో ఉన్నవి కుదించిన ప్రతులే. ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోఘ్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 నియమం ఇక్కడ వర్తిస్తుంది. మూడు ప్రతులు, రెండు రకాల పరికరాల్లో, ఒకటి వేరే ఊళ్లో.

ఈ పనికి వందల ఫొటోలు అక్కర్లేదు. మీ దగ్గరున్నవాటిలో పాతిక మంచివి ఏరండి. ఒక్కోదానికి రెండు వాక్యాలు రాయండి, ఎగ్జిఫ్ తుడవండి, రెండు కొలతలకి కుదించండి, ఒక ఉచిత సేవలో ఎక్కించండి. ఒక ఆదివారం సరిపోతుంది. డొమైన్ గడువు తేదీ క్యాలెండరులో రాసుకోండి, దానితో ముడిపడిన ఈమెయిల్, పాస్‌వర్డు ఇంట్లో ఇంకొకరికి కూడా తెలిసి ఉండాలి. సొంత సైట్లు మూతపడటానికి డొమైన్ రెన్యువల్ మరిచిపోవడం కూడా ఒక కారణం.